చీలమండ వాపు దాచిన కెప్టెన్‌కు

కావలి

చిరంజీవి బుజ్జమ్మను తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్ను కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌ను చేశారనీ, వచ్చే నెలలో అనంతపురం ఆర్డీటీ మైదానంలో ఆడడానికి వెళ్తున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు, నేను కుర్చీలోంచి లేచి నిలబడి ఆ మాట రెండోసారి చెప్పించుకొని విన్నాను. ముప్పయ్యేళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన నాకు, నా తరవాత మన ఇంట్లో మళ్లీ ఒక కెప్టెన్ వచ్చిందంటే ఎంత సంతోషమో వేరే చెప్పాలా? అయితే ఆ మాటల మధ్యలోనే నీ కుడి చీలమండ వాచిందనీ, గట్టిగా కట్టు కట్టుకొని రోజూ సాయంత్రం నెల్లూరు వీఆర్సీ గ్రౌండులో ఆడుతున్నావనీ, ఆ సంగతి మీ పీడీ మేడమ్‌కు చెప్పవద్దని అమ్మ దగ్గర మాట తీసుకున్నావనీ తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. మన గట్టి నేల మీద ఎత్తుగా లేచే బంతి, పచ్చిక మీద, అందులోనూ ఉదయపు తడి ఆరకముందు, జారుకుంటూ వస్తుంది గనుక ఒకరోజు ముందే చేరుకొని పాసులు వేసి చూసుకోండి. టాస్ గెలిచి వైపు కోరుకునేటప్పుడు, సాయంత్రం ఆటైతే, రెండో సగంలో మన గోల్‌కీపర్ పడమటి ముఖంగా నిలబడవలసిన అవసరం రాకుండా చూసుకో, ఎందుకంటే పొద్దు వాలేకొద్దీ ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. రిఫరీతో మాట్లాడవలసి వస్తే నువ్వొక్కదానివే వెళ్లు. కెప్టెన్‌కు ప్రత్యేక హోదా గానీ హక్కులు గానీ లేవనీ, జట్టు నడవడిక విషయంలో కొంత బాధ్యత మాత్రం ఉందనీ ఆట నిబంధనల్లో మూడోది చెబుతుంది. ఆ ఒక్క వాక్యాన్ని నేను ఏటా కొత్త పిల్లల చేత రాయించేవాణ్ని.

గోల్ కొట్టని పిల్లకు కెప్టెన్సీ ఏమిటని మీ జట్టులో కొందరు అనుకుంటున్నారట. నీకు అంత ఇష్టమైన హెండర్సన్‌ను, ఇంగ్లాండ్ క్లబ్బు లివర్‌పూల్ మాజీ కెప్టెన్‌ను, చూడు. 2012లో ఆయనను ఫుల్హామ్‌కు ఇచ్చి మరో ఆటగాణ్ని తెచ్చుకుందామని సొంత క్లబ్బే ఆలోచిస్తే, వెళ్లనని చెప్పి తన స్థానం కోసం పోరాడాడు. 2015లో కెప్టెన్ అయ్యాడు. అంతకుముందు కెప్టెన్ గెరార్డ్ తరవాత ఇతనా అన్నవాళ్లు చాలామందే ఉన్నారు. 2019లో మాడ్రిడ్‌లో యూరప్ కప్పునూ, ఆ మరుసటి ఏడు ముప్పయ్యేళ్ల తరవాత క్లబ్బుకు దక్కిన ప్రీమియర్ లీగ్ ట్రోఫీనీ ఎత్తింది అతనే. నీది కూడా అతని లాంటి ఆటే: మధ్యలో నిలబడి పక్కవాళ్లు వదిలిన ఖాళీలను పరుగెత్తి పూడ్చే ఆట. ఆ పని గ్యాలరీకి కనిపించకపోయినా పక్కన ఆడేవాళ్లకు తెలుస్తుంది. గౌరవం ఇవ్వవలసింది వాళ్లే. ఈ విషయంలో నీ గురించి నాకు బెంగ లేదు.

నా బెంగంతా ఆ చీలమండ గురించే. దానికి కారణం ఇంతవరకూ మీ అమ్మకు కూడా చెప్పలేదు.

డిగ్రీ రెండో ఏట నన్ను కెప్టెన్‌ను చేశారు. నేను లెఫ్ట్ హాఫ్, మధ్య వరసలో ఎడమ వైపు ఆడేవాణ్ని. ముందు నిలిచి గోల్స్ కొట్టే మా సెంటర్ ఫార్వర్డ్‌కు రావలసిన పదవి నాకు వచ్చిందని అందరూ అనుకున్నారు, నేనూ లోలోపల అదే అనుకున్నాను. పెద్ద ఆటకు వారం ముందు ప్రాక్టీసులో మోకాలు మెలిపడింది. దిగిపోతే కెప్టెన్సీకి తగనివాడినని ఒప్పుకున్నట్టే అవుతుందని భయపడి, పాత పంచె చింపి నిక్కరు కింద బిగించి కట్టుకొని ఎవరికీ చెప్పలేదు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే ఆడి, దక్షిణ కొరియా మీద ఫైనల్లో గోల్ కొట్టాడనీ, మనం 2-1తో బంగారు పతకం గెలిచామనీ మా మాస్టారు చెప్పిన కథ నా తలలో తిరుగుతూ ఉండేది.

నా స్థానంలో ఆడవలసిన పిల్లవాడు ఒకడున్నాడు. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన జాలరి ఇంటి కుర్రవాడు, ఇసుకలో ఒట్టి కాళ్లతో పరుగెత్తి పెరిగినవాడు. సొంత బూట్లు లేకపోతే కాలేజీ పెట్టెలోవి ఇచ్చారు. రెండో సగమంతా వాడు గీత పక్కన అటూ ఇటూ పరుగెత్తుతూ, నేను కుంటినప్పుడల్లా ఆగి నా వైపు చూశాడు. చెయ్యెత్తితే చాలు, మార్చేవాళ్లు. నేను ఎత్తలేదు. అవతలి రైట్ వింగర్ ఒకసారి నన్ను దాటిపోయాడు, రెండోసారి దాటినప్పుడు గోల్ పడింది. ఒక్క గోల్‌తో ఓడిపోయాం. మరునాడు సామాను అప్పగించేటప్పుడు వాడు పెట్టెలో పెట్టిన బూట్లకు ఒక్క మట్టి మరక కూడా లేదు. నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు వాడు చదువు మానేసి పడవ ఎక్కాడు. అందుకు నేనే కారణమని అనలేను, ఆ ఇంటి పరిస్థితి అలాంటిది. అయినా ఒక్క ఆట ఆడి వెళ్లి ఉండేవాడు కదా అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

మోకాలు మళ్లీ మామూలు కాలేదు. మీ అమ్మ పెళ్లిలో కన్యాదానానికి పీటల మీద కూర్చోలేక కుర్చీ వేయించుకొని, ముందురోజు కాలు బెణికిందని అబద్ధం చెప్పాను.

జకార్తా కథను నేను తప్పుగా అర్థం చేసుకున్నానని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. జర్నైల్ సింగ్ అసలు బ్యాక్, వెనక నిలిచి అవతలివాళ్లను అడ్డుకునేవాడు. ఆ గాయాన్ని ఎవరూ దాచలేదు. గాయమైందని తెలిసే మన హైదరాబాద్ కోచ్ రహీమ్ సాహెబ్ అతణ్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. కోచ్‌కు తెలిసింది కాబట్టే జట్టును ఎలా మార్చాలో ఆలోచించగలిగారు. మా మాస్టారికి నేను ఆ అవకాశమే ఇవ్వలేదు.

కాబట్టి బుజ్జమ్మా, రేపే మేడమ్‌తో చెప్పు. ఎక్స్‌రే తీయించు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టు, పడుకునేటప్పుడు దిండు వేసి కాలు ఎత్తున ఉంచు, వాపు మీద ఎవరి చేతా తోమించుకోకు. ఆ ఒక్క కాలి మీద నొప్పి లేకుండా గెంతగలిగేదాకా బంతి ముట్టుకోవద్దు. అమ్మ చేత ఒట్టు వేయించుకుంటావా? ఎంత ధైర్యమే నీకు! ఐదేళ్లప్పుడు మోకాలి చిప్ప చీరుకుపోయి, నేను పసుపు అద్దుతుంటే ఏడవకుండా నా చొక్కా పట్టుకొని నిలబడ్డదానివి. నొప్పి ఓర్చుకోవడం నీకు ఎవరూ నేర్పనక్కరలేదు తల్లీ.

అనంతపురానికి నేనూ వస్తాను. నువ్వు మైదానంలో ఉన్నా గీత పక్కన ఉన్నా వస్తాను. నీ స్థానంలో ఆడవలసిన పిల్ల పేరు మాత్రం నాకు రాయి. ఆ పిల్లకు సొంత బూట్లు లేకపోతే కొలత కూడా రాయి.

ఇట్లు,
నీ తాతయ్య