పగిలిన కాంక్రీటా? పగులుతున్న కాంక్రీటా?

సందేహం: కాంక్రీటును లాగినప్పుడు పగుళ్లు ఎలా పుడతాయో ఎకౌస్టిక్ ఎమిషన్ పద్ధతిలో (పదార్థం లోపల పుట్టే అలలను సెన్సర్లతో పట్టే పద్ధతి) పరిశీలిస్తున్నాను. తెలుగులో వ్యాసం రాస్తూ ‘పగిలిన కాంక్రీటు చేసే శబ్దాలు’ అన్నాను. తప్పని మిత్రుడొకరు అంటున్నారు. ఏమనాలి? ‘బీటలు వారింది’ అనవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థి, తరమణి, చెన్నై

సమాధానం: మీ మిత్రుడి మాటే సరైనది. ‘పగిలిన’ భూతకాలిక విశేషణం. పని ముగిసిందని చెబుతుంది. మీ సెన్సర్లు పట్టుకునేది ముగిసిన పనిని కాదు. కంకర రాయికీ సిమెంటు ముద్దకూ మధ్య పట్టు వీడే క్షణాన, అప్పటిదాకా లోపల బిగబట్టి ఉన్న శక్తి ఒక్కసారిగా విడుదలై అలగా పాకుతుంది. కాంక్రీటులో ఆ అల సెకనుకు సుమారు 4 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఏ సెన్సరుకు ముందు అందింది, ఏ సెన్సరుకు వెనక అందింది అన్న మైక్రోసెకన్ల తేడాతోనే పగులు ఎక్కడ పుట్టిందో లెక్కగడతారు. ఇంత సూక్ష్మంగా కాలాన్ని కొలిచేచోట క్రియ కాలం తప్పకూడదు. ‘పగులుతున్న కాంక్రీటు’ అనండి.

‘పగిలే’ తద్ధర్మార్థకం, స్వభావాన్ని చెబుతుంది. ‘కాంక్రీటు పగిలే తీరు’ అని వ్యాసానికి పేరు పెడితే బాగుంటుంది. ‘పగిలిన’కూ చోటుంది. పగులు రెండు ముఖాలూ రాసుకున్నా సంకేతాలు వస్తాయి కదా, అక్కడ ‘పగిలిన ముఖాల రాపిడి’ అనాలి. 1950లో జర్మన్ పరిశోధకుడు జోసెఫ్ కైజర్ లోహాల్లో గమనించిన విషయాన్ని రాసేటప్పుడు మరీ జాగ్రత్త. అంతకుముందు మోసిన బరువును దాటేదాకా పదార్థం దాదాపు మౌనంగా ఉంటుందన్నది ఆయన గమనించిన సంగతి. ‘మోసిన’ బదులు ‘మోస్తున్న’ అని పడితే అర్థమే పోతుంది.

ఇక బీటలు. ఎండిన చెరువు బీటలు వారుతుంది. కాంక్రీటు ఆరి కుంచించుకుపోయినప్పుడు పైన పడే పగుళ్లకు ఆ మాట చక్కగా నప్పుతుంది, లాగుడుకు నప్పదు. కాంక్రీటు నొక్కుడుకు ఓర్చుకునేదానిలో దాదాపు పదోవంతే లాగుడుకు ఓర్చుకుంటుంది. ఆ పదోవంతును కొలిచే పరీక్షలు మూడు రకాలు, తెలుగులో వాటికి మూడు క్రియలు సిద్ధంగా ఉన్నాయి. నేరుగా రెండువైపులా లాగితే దిమ్మె తెగుతుంది. 150 మిల్లీమీటర్ల వ్యాసం, 300 మిల్లీమీటర్ల పొడవు ఉన్న సిలిండరును పడుకోబెట్టి పైనుంచి నొక్కితే లోపల అడ్డంగా లాగుడు పుట్టి నిలువునా చీలుతుంది. దూలాన్ని వంచితే అడుగు భాగం సాగి, అక్కడ పగులు మొదలై విరుగుతుంది. మీరు ఏ పరీక్ష చేశారో క్రియే చెప్పేస్తుంది. అన్నిటికీ ‘పగిలింది’ అని సరిపెట్టకండి. కంటికి ఆనని తొలి సన్న పగుళ్లకు ‘చిట్లడం’ వాడండి.

చెన్నైలో మేస్త్రీలతో మాట్లాడీ మాట్లాడీ పగులుకు తమిళ మాట ‘విరిసల్’ అలవాటయ్యే ఉంటుంది. మన ‘విరియు’కు అది దగ్గరి చుట్టమే. అయితే తెలుగులో విరిసేది పువ్వు కనుక వ్యాసంలోకి తేవద్దు.

‘శబ్దాలు’ కూడా మార్చండి. మీ సెన్సర్లు పట్టే అలలు ఎక్కువగా 20 కిలోహెర్ట్జ్‌లకు పైనే ఉంటాయి, చెవికి అందవు. ‘పగులుతున్న కాంక్రీటు వెలువరించే తరంగాలు’ అంటే సరిపోతుంది.