ఇంజన్‌ని దాచాలా, నిల్వ చేయాలా?

సందేహం: మా నాన్నగారు 1960లలో కొన్న అంబాసిడర్ బాడీ ఎప్పుడో తుక్కుకు పోయింది. ఇంజన్ మాత్రం షెడ్డులో ఉంది. ఆటోనగర్ నుంచి ఒకాయన బేరానికి వచ్చాడు. 'వింటేజ్ ఇంజన్ అమ్మాలా, దాచాలా?' అని ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను. 'దాచడమేంటి నాన్నా, దొంగసొత్తా? నిల్వ చేయాలా అనాలి' అని మా అబ్బాయి దిద్దాడు. మా బావగారేమో 'భద్రపరచాలా' అన్నారు. ఇంజన్ సంగతి పక్కకు పోయి ఇప్పుడు మాట దగ్గర టెన్షన్ పట్టుకుంది. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

సమాధానం: ముందు మీ అబ్బాయిని ఒకటి అడగండి. చిన్నప్పుడు అమ్మమ్మ పోపుల డబ్బాలోంచి తీసి అతని చేతిలో పెట్టిన నోటు, ఆవిడ దాచిందా, నిల్వ చేసిందా?

దాచు అంటే కనబడకుండా చేయడమే అనుకోవడం ఈ మధ్య పట్టుకున్న జబ్బు. కాగు–కాచు, తూగు–తూచు లాగే దాగు–దాచు. దాగేది తనంతట తాను, దాచేది ఇంకొకరు. ఒక వస్తువును కనబడకుండా పెట్టడం దేనికి? పోకుండా ఉండటానికి. బీరువాలూ బ్యాంకులూ లేని ఇళ్లలో ఈ రెండూ ఒకటే పని, అందుకే రెండింటికీ ఒకటే మాట. 'నా దగ్గర దాచకు' అంటే ఒక అర్థం, 'నాకోసం దాచు' అంటే ఇంకో అర్థం. ఆ 'దగ్గర', ఈ 'కోసం' చూసుకుంటే చాలు, ఎవరూ పొరబడరు. ధనం కూడబెట్టి తినకుండా దాచుకున్నవాణ్ణి వేమన తేనెటీగతో పోల్చి ఎగతాళి చేశాడే గానీ, దొంగ అనలేదు.

ఇక అన్నమయ్య. ఈ మాట మీద ఆయనను తలుచుకోకుండా సమాధానం రాయడం నా వల్ల కాదు. 'దాచుకో నీ పాదాలకు దగ నే జేసిన పూజలివి' అన్నాడు వేంకటేశ్వరుడితో. దేవుడికి దాచిపెట్టాల్సిన అవసరం ఏముంది, ఎవరు ఎత్తుకుపోతారని? ఇక్కడ దాచుకో అంటే 'నీవిగా ఉంచుకో, పోనివ్వకు' అని. ఆ 'కో'లోనే ఉంది సొగసంతా. తన కీర్తనలను పూలనుకున్నాడు, వాటిని దాచుకునే చోటు స్వామి పాదాలు. అదే పాటలో ఇంకా ముందుకు వెళ్లి,

'వొక్క సంకీర్తనే చాలు వొద్దికై మమ్ము రక్షించగ
తక్కినవి భండారాన దాచి వుండనీ'

అన్నాడు. మమ్మల్ని కాపాడటానికి ఒక్క పాట చాలు, మిగతావి భండారంలో దాచి ఉండనీ అని. 1503లో ఆయన వెళ్లిపోయాడు. రాగిరేకుల మీద చెక్కిన ఆ పాటలు తిరుమల గుడిలో ఒక అరలో నిజంగానే దాగి ఉండి, 1922లో బయటపడ్డాయి. నాలుగు వందల ఏళ్లు దాటింది. ఆ అర పేరు కూడా సంకీర్తన భండారమే. వాటిని పరిష్కరించి అచ్చుకెక్కించినవారిలో మన కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఒకరు. మధ్యలో ఎవరో ఒక లెక్కలాయన ఆ అర తలుపు తీసి, 'రాగి కిలో ఎంత పలుకుతోంది?' అని అడిగి ఉంటే మనకేం మిగిలేది! పై రెండు పాదాల తరవాత కవి అన్న మాట కూడా మీ బేరానికి పనికొచ్చేలా ఉంది: 'వెక్కసమగు నీ నామము వెల సులభము ఫల మధికము.' వెల, ఫలం రెండూ పక్కపక్కనే పెట్టాడు. స్వామి నామం గురించి అన్నాడు లెండి, అంబాసిడర్ గురించి కాదు.

కాబట్టి దాచు అన్న మాటకు దొంగతనం అంటగట్టే ముందు మీ అబ్బాయి ఈ పాట ఒకసారి వినాలి.

నిల్వ సంగతి వేరు. నిలిచి ఉన్నది నిల్వ. ధాన్యానికి, ఊరగాయకు, ఖాతాలో మిగిలిన డబ్బుకు ఆ మాట నప్పుతుంది. వాడుకోవడానికో అమ్ముకోవడానికో ఆగి ఉన్న సరుకు అది. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి చూడండి. ధర లేనప్పుడు రైతు టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. 'సరుకు ఏసీలో పెట్టాం' అంటాడు, ఇంకా చక్కటి మాట. అది నిల్వే. అమ్మాలా ఆగాలా అన్న తగువు అక్కడ ఏటా ఉంటుంది గానీ, మిరపకాయల మీద ఎవరికీ నాన్నగారి జ్ఞాపకాలు ఉండవు. మీ ఇంజన్ సరుకు అనుకుంటే నిల్వ చేయండి.

బావగారి భద్రపరచు తప్పేమీ కాదు. సంస్కృతంలో శుభం అనే భద్రం మన దగ్గర జాగ్రత్త అయింది. కాకపోతే ఆఫీసు కాగితం వాసన వేస్తుంది. 'స్టోర్ చేద్దాం' అని మూడో ఆయన ఎవరూ అనలేదు, సంతోషం. ఈ రోజుల్లో అన్నం కూడా ఫ్రిజ్‌లో స్టోర్ చేస్తున్నారు!

మీరు రాసిన వింటేజ్ కూడా పుట్టుకలో ద్రాక్షపంట మాట. మన దేశపు 2021 నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన కారు వింటేజ్ బండి. అది బండికి, విడి ఇంజన్‌కు కాదు. అయినా మీరు ఆ మాట వదలరని తెలుసు. పాత ఇంజన్ అంటే తుక్కు షాపులో కాటా మీద పెడతారు, వింటేజ్ ఇంజన్ అంటే కుర్చీ వేస్తారు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక ఆ కుర్చీ ఇంకొన్నాళ్లు ఉంటుంది.

అమ్ము అంటే బాణం అని కూడా అర్థం. అమ్ములపొదిలో ఉన్నది ఆ అమ్ము. మీ బేరంతో దానికి సంబంధం లేదు.

నేను మెకానిక్‌ని కాను. అయినా నా పాత స్కూటర్ పుణ్యమా అని ఆటోనగర్‌లో కాస్త పరిచయం ఉంది. అక్కడి మాట చెబుతాను. దించిన ఇంజన్‌ని ఊరికే వదిలేస్తే 'పట్టేస్తుంది'. ఎంత మంచి క్రియ! తుప్పు పిస్టన్‌ని పట్టుకుని ఇక వదలదు. బ్లాకులో నీళ్లు పూర్తిగా తీసేసి, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, అప్పుడప్పుడు క్రాంకు చేత్తో తిప్పుతూ, కన్నాలన్నీ మూసి, నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టాలట. మన కృష్ణా తీరపు చెమ్మకు ఇవన్నీ తప్పవు. ఇంత చేస్తేనే అది దాచుకోవడం. గోనెసంచి కప్పి మరిచిపోతే దానికి తెలుగులో 'మూలన పడేయడం' అని వేరే మాట ఉంది. మీ షెడ్డులో ఇప్పుడు జరుగుతున్నది ఏదో మీ ఉత్తరంలో రాయలేదు.

మాట విషయంలో నా మొగ్గు 'దాచుకోవాలా' వైపు. 'దాచాలా' అన్నా తప్పనను, వాట్సాప్‌లో కనుక చెల్లుతుంది. నిల్వ మీ అబ్బాయికే వదిలేద్దాం.

ఒకవేళ అమ్మేటట్టయితే మాత్రం షెడ్డు గోడకు 'ఇచ్చట ఇంజన్ అమ్మబడును' అని రాయించకండి. 'ఇంజన్ అమ్ముతాం' అని రాస్తే కొనేవాడికి అర్థమవుతుంది.