ఇసుకల దర్వాజ

నల్లగొండ

బిడ్డా,

ఎడారి పాట వింటే గుబులైతది గానీ ఆ గుబులు ఏడికెల్లి వస్తున్నదో చెప్పరాదని రాసినవ్. అర్థం కోసం అప్పుడే ఉరకకు. ముందుగాల పాటను చేత్తో కాగితం మీద ఎక్కించు, పాదానికి పాదానికి నడుమ ఇంత జాగ వదులు. రాగం తీయకుండ మూడుసార్లు చదువు. రాగం మాయ చేస్తది, బక్కమాటను సుత బరువుగ వినిపిస్తది.

తర్వాత ఇంకో కాగితాన్ని రెండు పాలు చెయ్యి. ఎడమ దిక్కు, అక్కడ ఉండవలసి ఉండి లేనివి రాయి. కుడి దిక్కు, ఉండకూడకుండ ఉన్నవి. భయానికి కారణం కండ్లకు కనబడ్తది, పామో పులో. గుబులుకు కనబడదు, ఈ రెండు పాళ్లల్ల దేవులాడాలె. ఒక పాటల ఇట్లున్నదనుకో:

ఇసుకల నిలవడ్డ దర్వాజ
గోడ లేదు, గొళ్ళెం మాత్రం లోపలికెల్లి

దర్వాజ అంటే కొత్త బతుకు అని ఠక్కున రాసేస్తరు చానామంది. చెడేది అక్కడనే. గోడ లేకుంటే లోపలేది, బయటేది? ఆ గొళ్ళెం ఒక్కటే 'లోపల' అనేదాన్ని పుట్టిస్తున్నది. పక్కకెల్లి నడిచిపోవచ్చు, అయినా పాడేటోడు కదుల్తలేడు. అవుతల ఎవరో ఉన్నరని నమ్మిండు. గొళ్ళెం తీసేసి ఆ పాదం మళ్ల చదువు, గుబులు సగం పోతది. ఏ మాట తీస్తే గుబులు పోతదో, అర్థం ఆ మాట చుట్టే కట్టాలె.

ఎండమావిని తీరని ఆశ అని కొట్టిపడెయ్యకు. నేలకు ఆనుకున్న గాలి కాగి పలచవడ్తది, ఆకాశం వెలుగు ఆ పొరల్ల వంగి మళ్ల పైకి లేచి కంట్ల పడ్తది. మే నెలల జడ్చర్ల దగ్గర తారురోడ్డు మీద నీళ్ల లెక్క మెరిసేది ఆకాశం ముక్కనే. గందుకే పాటల ఎవరన్న ఎండమావిల తన మొకం చూసుకున్నరంటే ఆగాలె. అది జరిగేది కాదు, కవి తెలిసే పెట్టిండా? ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన భర్తృహరి పద్యంల మృగతృష్ణ, అంటే ఎండమావి, పక్కన ఇసుకల తీసిన నూనె, కుందేటి కొమ్ము ఉన్నయ్. అక్కడ అది ఆశకు గుర్తు కానే కాదు, కానిపనికి కొలత. పక్కన ఏమున్నదో చూడంది బొమ్మకు ఖరీదు కట్టకు.

ఎడారిల రాత్రి చలి అన్నరని తప్పు పట్టకు. తేమ, మబ్బు లేక వేడి జల్ది పైకి పోతది. ఇసుక పాడిందన్నా ఉట్టిదే అనకు, కొన్ని తిన్నెల మీద ఎండిన ఇసుక జారితే గుమ్మని మోగుతది. చైనా దిక్కు లోప్ ఎడారిల దయ్యాలు బాటసారులను పేరు పెట్టి పిలుస్తయని, డప్పుల చప్పుడు వినబడ్తదని 13వ శతాబ్దపు మార్కో పోలో కథనంల ఉన్నది.

ఇగ అసలు సంగతి, ఎవరింటి ఎడారి అనేది. దర్గా కాడ కవ్వాలిల 'సహ్రా' అన్నా 'దష్త్' అన్నా ఎడారే, లైలా కోసం తిరిగిన మజ్నూ గుర్తుకు రావాలె, అది పిచ్చిప్రేమ తిరిగే జాగ. అరబ్బీ ఖసీదాల్ల, అంటే పాత పొడుగు పద్యాలల్ల, ప్రియురాలి గుడారాలు ఎత్తేసిన చోట ఆగి ఏడ్వడం పాత ఆనవాయితి. పాతకాలపు తమిళ సంగం కవులు ఎండిన నేలను 'పాలై' అన్నరు, దాని గుర్తులు వేసవి, మిట్టమధ్యాహ్నం, ఎడబాటు. అది వేరే నేల గాదు, అడవిభూమీ కొండభూమీ ఎండి పాలై అయితయని శిలప్పదికారం అనే తమిళ కావ్యం చెప్తది.

మన దిక్కు పాటకు ఈ చివరిదే దగ్గర. ఎడారి అనాల్నంటే ఏడాదికి 250 మిల్లీమీటర్ల కంటె తక్కువ వాన పడాలె, ఉమ్మడి పాలమూరుల సగటున సుమారు 600 పడ్తది. లెక్కకు ఇది ఎడారి కాదు. అయినా పాట ఎడారి అంటున్నదంటే నిలదీస్తున్నదని లెక్క. బీడువడ్డ చెల్క, అడుగు పగిలిన చెరువు, బొంబాయి బస్సెక్కినోళ్ల ఇంటి తాళం – ఇవన్నీ ఒకప్పుడు పచ్చగున్నయే. అసొంటి పాటల ఎడారికి అర్థమేందని అడగకు, ఎవరు చేసిండ్రని అడుగు. 'మరుభూమి' అని పడితే ఇంకింత పైలం. తెలుగుల ఆ మాటకు ఎడారి, శ్మశానం రెండూ పల్కుతయ్.

డబ్బింగ్ పాటల్ల మాత్రం ఒక్క మాట మీద ఇల్లు కట్టకు, పెదవుల కదలికకు అతకాలని మాట మారుస్తరు. ఎడారి ఒక్క చరణంల వచ్చి పోతే అది సొగసు కోసమే కావచ్చు. పల్లవిల ఉంటే పాటంత దాంట్లనే నడుస్తున్నట్టు.

ఇట్ల ఒక పాట చేసి నాకు పంపు. రెండు పాళ్లు చేసిన కాగితం సుత జతవెట్టు, అర్థం కంటె ముందు నేను అదే చూస్త. అంచుకు నాలుగు వేళ్ల జాగ వదులు, నేను రాసుకోవాలె.

మీ తాత