పక్క ప్లాటులో పాత వేపచెట్టు కొట్టేస్తామంటున్నారు, వాళ్ల స్థలంలో చెట్టు వాళ్లిష్టమేనా?

కాదండీ. స్థలం వాళ్లదే అయినా చెట్టు కొట్టాలంటే అటవీ శాఖ పర్మిషన్ కావాల్సిందే. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. సుబాబుల్, జామాయిల్, సరుగుడు లాంటి కొన్ని రకాలకు మినహాయింపు ఉంది గానీ వేపకు లేదు.

మీ చెట్టు ఇంకా నిలబడే ఉంది కాబట్టి చెప్తున్నా, ఏం చేసినా గొడ్డలి పడకముందే చేయండి. 2021లో సైదాబాద్‌లో ఒకాయన ఇల్లు కట్టుకోవడానికి పెద్ద వేపచెట్టు కొట్టిస్తే, ఎనిమిదో తరగతి పిల్లాడు చూసి అటవీ శాఖ టోల్‌ఫ్రీకి ఫోన్ చేశాడు, ఆయనకు 62 వేల పైచిలుకు ఫైన్ పడింది. ఆ పిల్లాడికి దండం పెట్టాలి. కానీ చెట్టయితే పోయింది కదా. అపార్ట్‌మెంట్ కట్టే బిల్డర్‌కి అదొక లెక్కా?

మేముండేది ఘట్‌కేసర్ వైపు. మా వీధి చివర ప్లాటు చేతులు మారింది, అందులో ఒక పెద్ద వేప, రెండు కానుగలు ఉండేవి. కొత్తవాళ్లు రంపం తేలేదు. వేప మొదలు చుట్టూ గొయ్యి తవ్వి వేర్లు నరికారు, ఒకవైపు బెరడు జానెడు వెడల్పున ఒలిచేశారు. చెట్టు ఎండితే 'పడిపోయేలా ఉంది, ప్రమాదం' అని రాసి పర్మిషన్ తెచ్చుకోవచ్చని వాళ్ల ఎత్తు, తర్వాత మేస్త్రీయే చెప్పాడు. అందుకే గొయ్యి కనబడిన రోజే కదలాలి. మేం చెట్టు మొత్తం కనిపించేలా, ఛాతీ ఎత్తులో మాను చుట్టూ టేపు పెట్టి అంకె కనబడేలా, ఒలిచిన బెరడు దగ్గరగా ఫొటోలు తీశాం. మొదట వెళ్లిన ఆఫీసులో మా పరిధి కాదన్నారు. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, మన కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాం. ఆ స్టాంపు పడ్డాకే మనిషి వచ్చి చూశాడు, పని ఆగింది. కానుగలకు తర్వాత వాళ్లు పర్మిషన్ తెచ్చుకుని కొట్టేశారు, ఇప్పటికీ బాధగానే ఉంది. వేప మాత్రం ఉంది, గాయం అంచుల్లో కొత్త బెరడు కడుతోంది.

ఇంకోటి, సెలవు రోజుల్లో జాగ్రత్తగా ఉండండి. ఆఫీసులు మూసి ఉంటాయని ఆదివారాలు, పండగలు చూసుకుని మిషన్లు దింపుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి భూముల్లో ఏం జరిగిందో చూశాం కదా, 2025 ఉగాది సెలవుల్లో బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి దాదాపు 100 ఎకరాలు చదునైపోయాయి. రేంజ్ ఆఫీసర్ నంబరు, టోల్‌ఫ్రీ నంబరు ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి.

ఓనరుతో కూడా మాట్లాడండి, గొడవకి కాదు. చాలా ప్లాట్లలో పాత చెట్లు గోడ వారగా, అంటే సెట్‌బ్యాక్‌లోనే (గోడకీ బిల్డింగుకీ మధ్య వదలాల్సిన ఖాళీ) ఉంటాయి, అక్కడ రూల్ ప్రకారం ఎలాగూ బిల్డింగు లేవకూడదు. మా వేప బతకడానికి సగం కారణం అదే, గేటు కాస్త పక్కకి జరిపితే సరిపోయింది. వెళ్లేముందు మీ వైపు గోడ నుంచి చెట్టు ఎన్ని అడుగుల్లో ఉందో కొలుచుకుని వెళ్లండి.