ఏడో తరగతి గట్టెక్కింది, అమ్మాయికి ఏం వచ్చినట్టు?

ప్రశ్న: టీచర్ గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి పూర్తి చేసింది. నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు అయ్యాయి (ఏడాది మధ్యలో జరిగే చిన్న పరీక్షలు నాలుగు, పెద్ద పరీక్షలు రెండు), ప్రోగ్రెస్ కార్డు ఇచ్చారు. గణితంలో గ్రేడు తగ్గింది, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. నేను పదో తరగతి వరకే, అదీ తెలుగు మీడియంలో చదివాను. దాని పుస్తకాలు తెరవాలంటే భయమేస్తుంది. ఏడాదంతా అన్ని సబ్జెక్టులూ కలిపి అది ఏం నేర్చుకుని ఉండాలి? నిజంగా వచ్చిందో లేదో నాలాంటి తల్లికి ఎలా తెలుస్తుంది?
- ఒక తల్లి, నర్సంపేట

జవాబు: అమ్మా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు పుస్తకాలను రెండు భాషల్లో అచ్చు వేశారు. ఒక పేజీలో ఇంగ్లీషు ఉంటే, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఒకసారి సంచి దించి తెరిచి చూడండి. మీరు చదవగలిగిన పుస్తకమే అది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పరకాల, ములుగు వైపు బడుల్లో గణితం చెప్పాను. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను, మీ దిగులు కూడా అదే కదా.

ఏడో తరగతి గణితంలో ఎన్ని అధ్యాయాలున్నా బాగా మింగుడుపడాల్సినవి రెండే. ఒకటి, సున్నా కంటే చిన్న సంఖ్యలు. రెండోది, సంఖ్య ఉండాల్సిన చోట అక్షరం, అంటే తెలియని సంఖ్యకు బదులు x అని రాయడం. రుణ సంఖ్యలను నేను బావితో చెప్పేదాన్ని. నేల మట్టం సున్నా. నీళ్లు తొమ్మిది అడుగుల లోతున ఉంటే మైనస్ తొమ్మిది. వానలకు నాలుగు అడుగులు పైకి వస్తే మైనస్ అయిదు. ఇక్కడిదాకా అందరూ వస్తారు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందన్న దగ్గర చాలామంది బట్టీకి దిగుతారు. మీ అమ్మాయిని ఇలా అడగండి: "వారానికి రెండు అడుగులు దిగిపోతున్న బావిలో మూడు వారాల కిందట నీళ్లు ఎక్కడ ఉండేవి?" ఇప్పటికంటే ఆరు అడుగులు పైన అని చెబితే లెక్క తెలిసినట్టే. దిగడం ఒక మైనస్, వెనక్కి వెళ్లడం ఇంకో మైనస్, వచ్చింది ప్లస్ ఆరు.

ఇక వడ్డీ లెక్కలు. మా తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు, బారువడ్డీ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఒక సాయంత్రం వాళ్ల నాన్న బడికి వచ్చాడు. పత్తి పెట్టుబడికి రెండు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చాడట, పది నెలలైందట, ఎంత కట్టాలో కొడుకుతో చెప్పించమన్నాడు. పిల్లవాడు బలపం పట్టుకుని నిలబడిపోయాడు. "శాతం ఎంతో చెప్పలేదు టీచర్" అన్నాడు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం అని వాడికి తెలియదు. నెలకు వెయ్యి, పది నెలలకు పది వేలు. ఇంట్లో రోజూ వినే మాటకూ పుస్తకంలోని మాటకూ మధ్య వంతెన నేను వేయలేదు. తప్పు వాడిది కాదు, నాది. ఆ తర్వాత ప్రతి సంవత్సరమూ ఊళ్లో నడిచే వడ్డీ మాటలతోనే ఆ పాఠం మొదలుపెట్టాను. మీ ఇంట్లో మహిళా సంఘం లోను ఉంటే ఆ పొదుపు పుస్తకం అమ్మాయి చేతికివ్వండి. ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం లేదు.

గ్రేడు తగ్గిందన్నారు. నా అనుభవంలో ఏడో తరగతిలో గణితం తడబడితే పది మందిలో ఏడెనిమిది మందికి అసలు జబ్బు అయిదో తరగతి భిన్నాల దగ్గరే ఉంటుంది. మూడింట రెండు పెద్దదా, నాలుగింట మూడు పెద్దదా అని అడగండి. రొట్టె గీసి చూపించగలిగితే సరే. తడుముకుంటే ఈ వేసవిలో రోజూ అరగంట భిన్నాలు మాత్రమే చేయించండి. ఎనిమిదో తరగతి పుస్తకం ముందే కొని బడి తెరిచేలోపు సగం చెప్పించేయాలని ఆరాటపడకండి. పునాది కదులుతుంటే పై అంతస్తు ఎందుకు?

సాంఘిక శాస్త్రానికి వస్తే, మీకు దొరికిన అదృష్టం ఎక్కడో ఉన్న తల్లికి దొరకదు. ఏడో తరగతిలో కాకతీయుల పాఠం ఉంది, చెరువులు, భూగర్భ జలాల పాఠమూ ఉంది. గణపతిదేవుడి కాలంలో, పదమూడో శతాబ్దంలో కట్టిన పాకాల చెరువు మీ పక్కనే ఉంది. ఒక ఆదివారం కట్ట మీదికి తీసుకెళ్లండి. తూము ఎక్కడ, నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి ఎక్కడ, చెరువు లోపలి శిఖం భూమి ఏది, చెరువు కింద సాగయ్యే ఆయకట్టు ఎటు వైపు అని మీరే చూపించండి. ఈ మాటలు మీకు పుస్తకం కంటే బాగా తెలుసు. ఆ తర్వాత అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగండి: రాజు చెరువు ఎందుకు తవ్వించాడు? "ప్రజల మేలు కోసం" అని ఆగిపోతే ఇంకా అడగండి. నీళ్లుంటే పంట, పంట ఉంటే పన్ను, పన్ను ఉంటే సైన్యం, కోట అన్నదాకా వస్తే చరిత్ర వచ్చినట్టు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాలకు చిక్కిందన్న సంవత్సరం గుర్తుండటం మంచిదే, కానీ అది తర్వాతి మాట. పటంలో స్కేలు చూసి నర్సంపేట నుంచి వరంగల్ ఎంత దూరమో లెక్కగట్టగలుగుతుందా అన్నది కూడా చూడండి.

సామాన్య శాస్త్రానికి మీ దడి చాలు. మొక్కల్లో ప్రత్యుత్పత్తి అని ఒక పాఠం ఉంటుంది. బతుకమ్మ మీద గుమ్మడి పువ్వు పెడతాం కదా, ఆ తీగకు రెండు రకాల పూలు పూస్తాయి. ఒకదానికి రేకుల కింద చిన్న గుండు పిందెలా ఉబ్బి ఉంటుంది, అది ఆడ పువ్వు, ఆ ఉబ్బే అండాశయం. ఇంకొకటి సన్నని కాడ మీద నిటారుగా నిలబడుతుంది, అది మగ పువ్వు. మగ పువ్వు పుప్పొడిని తేనెటీగ ఆడ పువ్వుకు చేర్చకపోతే ఆ పిందె పసుపుబారి రాలిపోతుంది. సొర, బీర, కాకర తీగలూ ఇంతే. ఏ పువ్వు కాయవుతుందో తీగ దగ్గర నిలబడి వేలు పెట్టి చూపించమనండి. పసుపులో సున్నం కలిపితే ఎందుకు ఎర్రబడుతుందో కూడా అడగండి. ఆమ్లాలు, క్షారాల పాఠం అక్కడే బయటపడుతుంది.

భాషల గురించి క్లుప్తంగా చెబుతాను. తెలుగులో పద్యం అప్పజెప్పడం కంటే, దినపత్రికలో ఒక వార్త చదివి పుస్తకం మూసినట్టు పక్కన పెట్టి, సొంత మాటల్లో చెప్పగలగాలి. ఇంగ్లీషులో ఎదురు పేజీ చూడకుండా ఒక పేరా అర్థం చేసుకోగలగాలి. హిందీ ఆరో తరగతిలోనే మొదలైంది కాబట్టి చిన్న వాక్యాలు తడబడకుండా చదివితే చాలు, తొందరపెట్టకండి.

ఒక జాగ్రత్త. ఇవన్నీ వరసగా కూర్చోబెట్టి అడిగితే బడిలో రాసిన ఆరింటికి తోడు ఇది ఏడో పరీక్ష అయిపోతుంది. పని మధ్యలో అడగండి. తప్పు చెబితే వెంటనే దిద్దకుండా "ఎట్లా చెప్పగలిగావు?" అని అడగండి. పిల్ల ఎక్కడ జారిందో ఆ జవాబులోనే కనిపిస్తుంది.

ప్రశ్న: మా మనవడు ఎనిమిదో తరగతికి వెళుతున్నాడు. సైన్సుకు రెండు పుస్తకాలు ఉంటాయని ఇప్పటినుంచే బెంగపెట్టుకున్నాడు. భారం ఎక్కువవుతుందా?
- ఒక తాతయ్య, హనుమకొండ

జవాబు: పుస్తకాలు రెండవుతాయి, నిజమే. భౌతిక రసాయన శాస్త్రం వేరు, జీవశాస్త్రం వేరు. బలం, ఘర్షణ, ధ్వని ఒకవైపు. కణం, సూక్ష్మజీవులు ఇంకోవైపు. ఏడులో కలిపి చదివినవే విడిపోయి కాస్త లోతుకు వెళతాయి. క్రమం తప్పకుండా చదివే పిల్లవాడికి ఇది మోయలేని బరువు కాదు.

మీకు ఒక మనవి. జీవశాస్త్రంలో కౌమార దశ అని ఒక పాఠం ఉంటుంది. సిగ్గుపడి దాన్ని గబగబా దాటించే తరగతులు నేను చూశాను. గొంతు మారడం, మీసం రావడం, కోపం ముంచుకు రావడం, ఇవన్నీ ఆ వయసులో వాడికి అర్థం కాక లోపల లోపల మథనపడే సంగతులు. ఆ పాఠం చెప్పిన రోజు వాడు ఇంటికి వచ్చి ఏదైనా అడిగితే కసరకండి. ఇంట్లో ఎవరితోనూ అడగలేనిది తాతతోనే అడుగుతాడు. పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇద్దరూ కలిసి చదవండి.