అతుకు ఎక్కడుందో చెప్పు: నటాషా అట్లాస్ మీద రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

అరబ్బీ పాటను పాశ్చాత్య క్లబ్ సంగీతంతో కలిపి పాడే గాయని నటాషా అట్లాస్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం నడపడం నీకొచ్చు, దాని గురించి బెంగ లేదు. కానీ పన్నెండు పేజీల్లో "తూర్పు పడమరల సంగమం" ఏడు చోట్ల వచ్చింది. "ఎడారి గాలిలాంటి గొంతు" రెండు చోట్ల. ఆమె పుట్టింది బెల్జియంలో, పెరిగిన కాలంలో కొంత ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో. అక్కడ వాన ఉంటుంది, ఎడారి ఉండదు. ఇలాంటివి తీసేస్తే నీ వ్యాసంలో సంగీతం గురించి మిగిలేది ఒకటిన్నర పేజీ. ఆ ఒకటిన్నర పేజీ బాగుంది. పని అక్కడ మొదలుపెట్టు.

సంగమం అన్న మాటతో చిక్కేమిటంటే, అది రాశాక ఇక చెప్పడానికేమీ ఉండదు. రెండు నదులు కలిశాయి, అయిపోయింది. సంగీతంలో అలా కలవవు. రెండు గుడ్డలు అతికినట్టు అతుకుతాయి, అతుకు వేసినచోట ఒకటి కాస్త ముడుచుకుంటుంది. ఏ పాటలో ఎవరు ఎవరి కోసం ముడుచుకున్నారు, ఆ అతుకు ఆల్బమ్ నుంచి ఆల్బమ్‌కి ఎటు జరిగింది అన్నదే నీ వ్యాసం.

ముందు చెవి పని. ఆల్బమ్ ఒక్కొక్కటి మూడుసార్లు విను. మొదటిసారి ఊరికే. రెండోసారి గొంతును పట్టించుకోకుండా కింద బేస్, డ్రమ్ మాత్రమే. మూడోసారి గొంతు మాత్రమే, అది కూడా ఆమె ఒక స్వరం మీద ఆగిన చోట్ల. కాగితం మీద ఆరు గడులు గీసుకో: ఏడాది, ప్రొడ్యూసర్, తాళం మెషీనా మనిషా, మకామ్ (అరబ్బు సంగీతపు స్వర పద్ధతి, కింద చెబుతాను), భాష, బాణీ ఎవరిది. గడి నిండకపోతే ఖాళీగా వదిలెయ్యి, ఊహించి నింపకు. సీడీ లోపలి పుస్తకం దొరికితే అదే మొదటి ఆధారం. రికార్డుల వివరాలు చేర్చే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఆ పుస్తకాల ఫొటోలు తరచూ ఉంటాయి. స్ట్రీమింగ్ యాప్‌లో కనిపించే ఏడాది చాలాసార్లు తిరిగి విడుదల చేసినది. దాన్ని నమ్మితే వరస తప్పుతుంది.

ఇప్పుడు మకామ్. మనం "ఫలానా ఊళ్లో మకాం వేశాడు" అంటామే, ఆ మాటే. స్వరాలు ఎక్కడ ఆగాలో, ఎటు నడవాలో చెప్పే పద్ధతి. తెలుగు పాఠకుడికి దీన్ని రాగంతో పోల్చి చెప్పవచ్చు, కొన్నిటికి స్వరాలు దాదాపు సరిపోతాయి. అజమ్ అంటే శంకరాభరణం మెట్లు. కుర్ద్ అంటే హనుమతోడి మెట్లు. నహావంద్‌కి నఠభైరవి, కొన్నిచోట్ల కీరవాణి. హిజాజ్‌కి వకుళాభరణం, హిజాజ్‌కార్‌కి మాయామాళవగౌళ. అయితే "మెట్లు" అన్న మాట వదలకు. మన తోడిలో గాంధారం ఊగే ఊపు కుర్ద్‌లో లేదు. "కుర్ద్ అంటే తోడి" అని రాస్తే సంగీతం తెలిసినవాళ్లు ఆ వాక్యం దగ్గరే పత్రిక మూసేస్తారు.

నీ వ్యాసంలో అసలు లేనిది, ఉండి తీరాల్సింది, రాస్త్ మకామ్. పియానో మీద షడ్జం నుంచి సాధారణ గాంధారం 300 సెంట్లు (పియానోలో పక్కపక్క మీటల మధ్య దూరం 100 సెంట్లు), అంతర గాంధారం 400. రాస్త్ గాంధారం ఆ రెంటి నడుమ, లెక్కకు 350 దగ్గర ఉంటుంది, ఊరిని బట్టి కాస్త ఎగువా దిగువా. బయాతి మకామ్‌లో రిషభం కూడా అంతే, 100కీ 200కీ మధ్య. పియానోలో ఆ మెట్టు దగ్గర మీటే లేదు. గిటారులో మెట్టు లేదు. పాశ్చాత్య శ్రుతిమేళం (కార్డ్) వేస్తే ఆ గాంధారం మేజరూ కాదు మైనరూ కాదు, చెవికి తప్పు వాయించినట్టు తగులుతుంది. అతుకు పడేది సరిగ్గా ఇక్కడ.

దీనికి కళాకారులు వెతుక్కున్న దారులు ఏవో నీకు తెలిసి ఉండాలి, వినేటప్పుడు గుర్తుపట్టడానికి. ఒకటి, పాటనే నహావంద్‌కో హిజాజ్‌కో కుర్ద్‌కో మార్చెయ్యడం. గిటారు, పియానో ఇబ్బంది పడవు. పాశ్చాత్య వాద్యాలతో కలిపి చేసిన పాటల్లో ఈ మకామ్‌లే పదేపదే వినిపించడానికి ఇదొక పెద్ద కారణం. అరబ్బు సంగీతమంటే హిజాజ్ ఒక్కటే అని లోకం అనుకోవడం వెనుక కూడా ఇదే ఉంది. రెండు, కింద శ్రుతిమేళం నుంచి గాంధారం తీసేసి షడ్జ పంచమాలు మాత్రమే ఉంచడం, గొంతు పైన స్వేచ్ఛగా తిరుగుతుంది. మూడు, వాద్యాన్నే మార్చడం. ఈజిప్టులో అకార్డియన్ రీడ్లను సరిచేసి, రాస్త్ గాంధారంలా రెండు మీటల నడుమ పడే పావుస్వరాలు పలికించారు. కీబోర్డులో ఒకటి రెండు మీటలను 50 సెంట్లు దించే ఏర్పాటు ఉంటుంది. ఇక నాలుగోది దారి కాదు, ప్రమాదం. గొంతు దిద్దే సాఫ్ట్‌వేర్‌ను పన్నెండు స్వరాలకు బిగించి వదిలేస్తే అది 350ని తప్పు అనుకుని 300కో 400కో లాగేస్తుంది. గొంతులోంచి ఉన్నట్టుండి ప్రాణం పోయినట్టు అనిపిస్తే ముందు దీన్ని అనుమానించు.

తాళం సంగతి కూడా ఇంతే వివరంగా రాయాలి. మక్సూమ్ అనే అరబ్బు తాళాన్ని ఎనిమిది మాత్రలుగా లెక్కపెట్టు: దుమ్, తక్, ఖాళీ, తక్, దుమ్, ఖాళీ, తక్, ఖాళీ. దుమ్ లోతైన దెబ్బ, ఒకటి, ఐదు మీద. నాలుగో మాత్ర తక్‌ను దుమ్ చేసి రెండోది తక్‌గానే ఉంచితే సయీదీ. మక్సూమ్‌లో రెండో మాత్రను మాత్రమే దుమ్ చేస్తే బలదీ. ఇప్పుడు దీని మీద క్లబ్ సంగీతపు కిక్ డ్రమ్ వేసి చూడు. అది 1, 3, 5, 7 మీద సమానంగా పడుతుంది. ఏడు మీద తక్‌ను కప్పేస్తుంది, మూడు మీద ఉండాల్సిన మౌనాన్ని నింపేస్తుంది. ఆ మౌనమే నడుముకు ఊపు ఇచ్చేది. మంచి ప్రొడ్యూసర్ కిక్‌ను తగ్గిస్తాడు, లేదా దుమ్ పడే చోటే ఉంచుతాడు. "లయ ఉర్రూతలూగించింది" అని రాసే బదులు మూడో మాత్ర దగ్గర ఏం జరిగిందో రాయి. హైదరాబాద్ పెళ్లి బరాతులో మర్ఫా విన్న పాఠకుడికి ఇది తొందరగానే అందుతుంది. అక్కడి బార్కస్‌లో స్థిరపడ్డ హద్రమౌత్ (యెమెన్) అరబ్బుల నుంచి, ఆఫ్రికా మూలాల సిద్దీల నుంచి వచ్చిన వాద్యం అది. ఒక్క వాక్యం చాలు, వ్యాసాన్ని హైదరాబాద్‌కు మళ్లించకు.

(ఇంకో చిన్న ఉచ్చు. ఈజిప్టువాళ్లు దర్బుకాను (చేత్తో వాయించే అరబ్బు డ్రమ్) తబ్లా అంటారు. ఆల్బమ్ వివరాల్లో "తబ్లా" కనబడగానే జాకిర్ హుస్సేన్‌ను తలుచుకోకు. ముందు ఏ తబ్లానో విను.)

ఇక ఆమె నడిచిన దారి. నువ్వు 1995 నుంచి మొదలుపెట్టావు. నాలుగేళ్లు వెనక్కి వెళ్లు. 1991లో ఇంగ్లండు బేస్ వాద్యకారుడు జా వాబుల్ బృందం తెచ్చిన 'రైజింగ్ అబవ్ బెడ్లమ్'లో ఆమె గొంతు ఉంది, కొన్ని పాటల రచనలో చెయ్యి కూడా ఉంది. తర్వాత ట్రాన్స్‌గ్లోబల్ అండర్‌గ్రౌండ్ బృందంలో పాడింది, ఆడింది. ఆ దశలో గొంతు పాటకు యజమాని కాదు, లూపుల మధ్య ఒక రంగు. 1995లో నేషన్ రికార్డ్స్ నుంచి సొంత ఆల్బమ్ 'డయాస్పోరా' వచ్చినప్పుడు కూడా వాయించింది దాదాపు ఆ మనుషులే. మెషీన్ తాళం ముందు, గొంతు దాని మీద.

1997 నాటి 'హలీమ్' పేరు ఊరికే పెట్టింది కాదు. ఈజిప్టు గాయకుడు అబ్దెల్ హలీమ్ హాఫెజ్‌కు (1929–1977) నమస్కారం అది. ఇక్కడ అతుకు కైరో వైపు జరిగింది, వయొలిన్ల గుంపు ముందుకొచ్చింది. అయితే ఇక్కడ ఒక మాట తప్పక చెప్పు, లేకపోతే పాఠకుడు లండన్‌వాళ్లే ఈ కలయిక కనిపెట్టారనుకుంటాడు. కైరో ఎప్పుడో కలిపేసింది. 1964లో ఈజిప్టు గాయని ఉమ్ కుల్తూమ్ పాడిన 'ఇంతా ఉమ్రీ'లో బాణీ కట్టిన మొహమ్మద్ అబ్దెల్ వహాబ్ ఎలక్ట్రిక్ గిటారు వాడాడు. బీరూట్‌లో రహ్బానీ సోదరులు మొజార్ట్ 40వ సింఫనీ బాణీని లెబనాన్ గాయని ఫైరూజ్ చేత అరబ్బీలో పాడించారు. అట్లాస్ కొత్తగా చేసింది కలపడం కాదు, ఎటు నుంచి కలిపిందన్నది.

1999 'గెదీదా'లోని 'మోనామీ లా రోజ్'కు నువ్వు రెండు వాక్యాలే ఇచ్చావు. ఒక పేజీ ఇవ్వు. ఫ్రెంచి గాయని ఫ్రాన్స్‌వాజ్ ఆర్డీ 1964లో పాడిన పాట. ఫ్రెంచి మాటలు అలాగే ఉన్నాయి, చుట్టూ ఉన్న వయొలిన్లు, అలంకారాలు కైరోవి. ఇంతకుముందు అరబ్బీ గొంతు పాశ్చాత్య చట్రంలో ఇమిడేది. ఇక్కడ ఫ్రెంచి పాట అరబ్బు చట్రంలోకి వచ్చింది. ముడుచుకునేది ఎవరన్నది తారుమారైంది. ఆర్డీ పాటా అట్లాస్ పాటా పక్కపక్కన పెట్టి, ఒకే చరణాన్ని నాలుగైదుసార్లు వినిగాని ఆ పేజీ రాయకు.

2003 'సమ్‌థింగ్ డేంజరస్' మీద ఎక్కువ సమయం పెట్టకు. అతిథులు ఎక్కువ, ఇంగ్లిష్ ఎక్కువ, అన్ని వైపులా లాగిన దుప్పటిలా ఉంటుంది. నా అభిప్రాయమే ఇది, నీకు వేరేలా వినిపిస్తే వాదించు. ఒక్కటి మాత్రం గమనించు: అందులో ఐర్లండ్ గాయని సినేడ్ ఓకానర్ పాడింది. 1991 నాటి ఆ వాబుల్ ఆల్బమ్‌లోనూ ఓకానర్ ఉంది. పన్నెండేళ్లలో అతిథి స్థానం నుంచి అతిథుల్ని పిలిచే స్థానానికి అట్లాస్ వచ్చిందని చెప్పడానికి ఈ ఒక్క వివరం చాలు, విశేషణాలు అక్కర్లేదు.

2008 'అనా హినా' దగ్గర ఆగు. మెషీన్లు పక్కకు పోయాయి, మనుషులు వాయించారు, హార్వీ బ్రో కూర్పు. అందులో 'లమ్మా బదా' ఉంది. పాత మువష్షహ్ (సంప్రదాయ అరబ్బీ గేయరూపం), పది మాత్రల సమాయీ థఖీల్ తాళం, నహావంద్. అదే ఆల్బమ్‌లో 'బ్లాక్ ఈజ్ ది కలర్' అనే ఇంగ్లిష్ మాటల అమెరికా (అపలాచియా) జానపదం. రెండూ పావుస్వరం అవసరం లేని చోట కలుసుకోగలవు. పైన చెప్పిన మొదటి దారి గుర్తుందిగా? ఇక్కడ అది సర్దుబాటులా అనిపించదు, ఎందుకంటే ఆ పాట సొంత మకామే నహావంద్.

2015 'మిరియడ్ రోడ్' జాజ్ వైపు. ప్రొడ్యూసర్ ఇబ్రహీం మాలూఫ్. అతని ట్రంపెట్‌కు మామూలుగా ఉండే మూడు మీటలు కాక నాలుగోది ఉంటుంది, పావుస్వరాన్ని పలికించడానికి. దాన్ని చేయించింది అతని తండ్రి నాసిం మాలూఫ్. గొంతు ఒక్కటే కాకుండా పాశ్చాత్య వాద్యం కూడా 350 దగ్గరికి రాగలిగే ఏర్పాటు అది. నీ వ్యాసానికి మధ్యబిందువు ఇదే కావచ్చు, ఆలోచించు.

భాష దగ్గర నువ్వు చాలా తప్పులు చేశావు. 'గెదీదా'ను 'జదీదా' అని దిద్దావు. దిద్దకూడదు. ఈజిప్టు పలుకులో జ గ అవుతుంది, ఖాఫ్ అనే అక్షరం (మనం ఖ అని రాసేది) చాలాచోట్ల గొంతులో చిన్న ఆగుదలగా మిగులుతుంది. 'మిష్ మావూల్' అన్న ఆమె ఆల్బమ్ పేరులో మావూల్ అసలు రూపం మఅఖూల్, మిష్ కలిస్తే నమ్మశక్యం కాదు అని. కానీ ఆమె పాడేదంతా ఈజిప్టు మాండలికమే అనుకోకు. 'లేష్ నత్అరక్' అన్న పాట పేరులో 'లేష్' సిరియా, లెబనాన్ వైపు మాట, ఈజిప్టువాళ్లు 'లే' అంటారు. ఒక పాటకు ఏ మాండలికం ఎంచుకుందన్నది కూడా అతుకే. సాహిత్యం అర్థం కోసం మీ జగిత్యాల బంధువును అడిగానన్నావు. కువైట్‌లో పదేళ్లు పనిచేసి నేర్చుకున్నది గల్ఫ్ అరబ్బీ, అందులోనూ పని చోటి అరబ్బీ. పాట కవిత్వానికి అది చాలదు. ఈజిప్టు అరబ్బీ చదివినవాళ్లను పట్టుకో, ఇద్దరు చెప్పింది కలిస్తేనే రాయి. ఇంకొకటి, "అబ్దెల్" అని విడిగా రాసి దాన్ని ఇంటిపేరులా వాడకు. అబ్దెల్ హలీమ్ మొత్తం కలిపి ఒక పేరు.

ఆమె కుటుంబ మూలాల గురించి పత్రికలు తలా ఒకలా రాశాయి. తల్లి ఇంగ్లిష్, తండ్రి వైపు ఈజిప్టు అన్నంతవరకు ఆగు. మిగతాది ఆమె సొంత మాటల్లో ముద్రణలో దొరికితే తేదీతో సహా ఉటంకించు. "వరల్డ్ మ్యూజిక్" అన్న పేరు వాడినచోట ఒక్కసారైనా చెప్పు, అది సంగీత రకం కాదు, 1987లో లండన్‌లో కొన్ని చిన్న కంపెనీలవాళ్లు కూర్చుని దుకాణం అర మీద అంటించడానికి ఎంచుకున్న చీటీ. అల్జీరియా గాయకుడు ఖాలెద్ పాట 'దీదీ' కూడా ఆ అరలోనే అమ్ముడైంది. అది ఓరాన్ ఊరి రాయ్ అనే పాట పద్ధతి, అల్జీరియా అరబ్బీ. అట్లాస్‌తో పోలిక తెస్తే ఈ తేడా చెప్పి తే, లేదా అసలు తేకు.

రెండో ప్రతి ఎనిమిది పేజీలు దాటకుండా చూడు. దానితోపాటు ఆ ఆరు గడుల కాగితం కూడా పంపు, ఖాళీ గడులు ఖాళీగానే ఉంచి. 'మోనామీ లా రోజ్' పేజీ మాత్రం ముందే, వచ్చే వారంలోనే పంపించు.