నిక్సన్‌కు ఆ దొంగతనం గురించి ముందే తెలియకపోతే పదవి ఎందుకు పోయింది?

అడిగిన ప్రశ్న ఇదీ: 1972లో వాటర్‌గేట్ భవనంలోకి మనుషుల్ని పంపమని నిక్సనే చెప్పినట్టు ఆధారం దొరకలేదంటారు కదా, మరి అమెరికా అధ్యక్ష పదవి ఎందుకు పోయింది? మొదటి రోజే "మావాళ్ళు తప్పు చేశారు" అని ఒప్పుకుంటే సరిపోయేది కదా?

సరిపోయేదనే నేనూ అనుకుంటాను. ఎందుకు ఒప్పుకోలేకపోయాడో మాత్రం చదివి తెలుసుకున్నది కాదు. 2009లో తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్ ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి. అక్కడ నా చేత్తో చేసిన పని వల్ల నాకది అర్థమైంది.

జరిగింది చిన్నదే. వార్డెన్ ఒక రాత్రి మెస్ స్టోర్ నుంచి పది మూటల బియ్యం లగేజీ ఆటోలో బయటికి పంపేశాడు. ప్రిన్సిపాల్ సారుకి అందులో ఏ సంబంధమూ లేదు. మరుసటి రోజు నేను చెబితేనే ఆయనకు తెలిసింది. వార్డెన్‌ని అప్పుడే పంపించేసి ఉంటే సారుకి మంచి పేరే వచ్చేది. కానీ ఆయన కాసేపు తల పట్టుకుని కూర్చుని, "పది మూటలు పురుగు పట్టి పారేసినట్టు స్టాక్ రిజిస్టర్‌లో రాసెయ్ నాయనా" అన్నారు. అడ్మిషన్లప్పుడు రసీదు లేకుండా తీసుకున్న డబ్బు సంగతి వార్డెన్‌కి తెలుసు. బియ్యం కోసం అతన్ని పట్టుకుంటే అతను ఆ మాట ఎత్తుతాడు. సారు భయం అదీ. నేను రాసేశాను.

నిక్సన్ విషయంలోనూ ముడి అక్కడే ఉంది. 1972 జూన్ 17 తెల్లవారుజామున, వాటర్‌గేట్ భవనంలో ఉన్న ప్రత్యర్థి డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో దొంగతనంగా దూరిన ఐదుగురు దొరికిపోయారు. వాళ్ళలో మెకార్డ్ అనే ఆయన నిక్సన్ ఎన్నికల కమిటీకి భద్రత చూసే మనిషి. వాళ్ళని పంపింది నిక్సన్ వైపు మనుషులే, హంట్, లిడ్డీ అని. ఆ ఇద్దరూ అంతకుముందు 1971 సెప్టెంబరులో ఇంకో చోట కూడా తలుపులు పగలగొట్టించారు. వియత్నాం యుద్ధం మీద రహస్య పత్రాలు బయటపెట్టిన ఎల్స్‌బర్గ్‌కి వైద్యం చేసిన మానసిక వైద్యుడి ఆఫీసది. ఆ పని చేయించింది వైట్‌హౌస్ మనుషులే. వాటర్‌గేట్‌ని తవ్వనిస్తే అదీ పైకొస్తుంది. అందుకే, పట్టుబడిన వాళ్ళని వదిలేసుకోవడం మనం అనుకున్నంత తేలిక కాదు.

ఆరు రోజులకే, జూన్ 23న, నిక్సన్ తన ముఖ్య సహాయకుడు హాల్డెమన్‌తో మాట్లాడి ఒక పథకానికి సరేనన్నాడు. ఇది దేశ భద్రత వ్యవహారం, ఇక ముందుకు పోవద్దని, సీఐఏ అనే గూఢచారి సంస్థ చేత, కేసు దర్యాప్తు చేస్తున్న ఎఫ్‌బీఐకి చెప్పించాలి. మీ ప్రశ్నకు నా జవాబు ఈ ఒక్క తేదీలో ఉంది. జూన్ 17 నాటి తప్పు కింది వాళ్ళది. జూన్ 23 నాటి తప్పు అధ్యక్షుడిది. జనం ఇచ్చిన అధికారాన్ని పట్టుకుని దర్యాప్తును ఆపబోయాడు. "నాకు ముందు తెలియదు" అన్న మాట ఆ రోజుతో పనికిరాకుండా పోయింది.

ఒకసారి దాచడం మొదలుపెడితే రోజుకొక మనిషి కావాలి. మాకు పారేసినట్టు సంతకం పెట్టడానికి వంటమాస్టర్ కావాల్సి వచ్చాడు. తర్వాత ఆటో అతను వచ్చి ఆఫీసు బయట నిలబడ్డాడు, అతనికి కొంత ఇచ్చాం. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఆ రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు, ఫోన్ మోగితే టెన్షన్. 1973 మార్చి 21న న్యాయ సలహాదారు జాన్ డీన్ నిక్సన్‌తో చెప్పింది కూడా ఇదే బాధ. హంట్ ఇంకా డబ్బడుగుతున్నాడు, వీళ్ళందరి నోళ్ళు మూయించాలంటే రెండేళ్ళలో పది లక్షల డాలర్లు కావొచ్చు అన్నాడు. ఆ డబ్బు నగదుగానే తేవచ్చని నిక్సన్ జవాబిచ్చాడు. నాలుగు నెలల కిందటే 49 రాష్ట్రాలు గెలిచిన మనిషి, దొంగలకు డబ్బెక్కడ నుంచి సర్దాలా అని కూర్చుని లెక్క వేశాడు. ఆ సంభాషణ చదివినప్పుడు నాకు మా ప్రిన్సిపాల్ సారు గది కళ్ళ ముందు కనబడింది.

ఇక మా వాచ్‌మన్ సంగతి. చంద్రగిరి దగ్గర పల్లె ఆయనది, అందరం తాతా అనే పిలిచేవాళ్ళం. రాత్రి గేటు దగ్గర నిలబడితే కొండ మీద మెట్లదారి దీపాలు కనిపించేవి. వాటికి ఒకసారి దండం పెట్టుకుని డ్యూటీ మొదలుపెట్టేవాడు. ఆ రాత్రి ఆటో నంబరు, టైము, "మూటలు 10" అని గేటు రిజిస్టర్‌లో రాసుకున్నాడు. ఆ పేజీ తీసేయమని నేనే వెళ్ళి అడిగాను. "నేను చూసిందే రాసినా సార్. చింపితే రేపు నన్నే దొంగంటారు" అన్నాడు. ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు నేనే చింపాను. పది రోజుల తర్వాత, వయసైపోయిందని చెప్పి ఆయన్ని మానిపించేశారు.

వాటర్‌గేట్‌లోనూ అంతా బయటపడింది ఒక వాచ్‌మన్ వల్లే. ఫ్రాంక్ విల్స్, 24 ఏళ్ళు, వారానికి 80 డాలర్ల జీతం. తలుపు గడియ పడకుండా అంటించిన టేపు చూసి, శుభ్రం చేసేవాళ్ళు వేసి ఉంటారనుకుని పీకేశాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి చూస్తే అక్కడే మళ్ళీ టేపు ఉంది. వెంటనే పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ దొంగల కేసు విన్న జడ్జి సిరికా గురించి, వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ గురించి అందరూ రాస్తారు, రాయాల్సిందే. ఈ అబ్బాయి పేరు కూడా వాళ్ళ పక్కనే ఉండాలని నా కోరిక.

మా దగ్గర ఎలా బయటపడిందంటే, తాత నేరుగా మేనేజ్‌మెంట్‌లో ఒక పెద్దాయన ఇంటి ముందు వెళ్ళి నిలబడ్డాడు. ఆయన వచ్చి గేటు రిజిస్టర్ తిప్పారు. 46వ పేజీ తర్వాత 49 ఉంది. నన్ను పిలిచి అరవలేదు, బెదిరించలేదు. "రేపు కాణిపాకం పోదాం, వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా?" అని ఒక్క మాట అడిగారు. మా చిత్తూరు వైపు పుట్టినవాళ్ళకు ఆ మాట బరువేమిటో తెలుసు. అక్కడ అబద్ధం చెప్పి ఇంటికి రాగలిగేంత ధైర్యం నాకు లేదు. ఆ పేజీ నా బీరువాలోనే ఉందని చెప్పేశాను. చింపినా కాల్చలేదు. రేపు అంతా నా మీదికి తోస్తే నన్ను కాపాడేది అదొక్కటే అనుకుని దాచుకున్నాను.

తన మాటలు రికార్డయిన టేపుల్ని నిక్సన్ ఎందుకు కాల్చలేదని చాలామంది అడుగుతారు. ఆయనకూ ఇదే లెక్క ఉండేది, అవి తనకే రక్షణ అనుకున్నాడు. తన గదిలో మాటలన్నీ రికార్డయ్యేలా 1971లో ఏర్పాటు చేయించుకున్నది ఆయనే. 1973 జూలైలో బటర్‌ఫీల్డ్ అనే వైట్‌హౌస్ పాత ఉద్యోగి, ఈ వ్యవహారాన్ని విచారిస్తున్న సెనెట్ కమిటీ ముందు ఆ సంగతి చెప్పేశాడు. అక్కడి నుంచి ఏడాది పాటు వాటి కోసమే పోరాటం. టేపులు అడిగిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ కాక్స్‌ని తీసేయమంటే, అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ ఆ పని చేయనని రాజీనామా చేశాడు. ఇచ్చిన టేపుల్లో ఒకదాంట్లో పద్దెనిమిదిన్నర నిమిషాలు ఖాళీ. మా 47, 48 పేజీల్లాగే, ఉన్నవాటికంటే లేనిదే ఎక్కువ అనుమానం పుట్టించింది. 1974 జూలై 24న సుప్రీంకోర్టు టేపులు ఇవ్వాల్సిందేనని 8-0తో చెప్పింది. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు నిక్సన్ నియమించినవాళ్ళే. ఆగస్టు 5న జూన్ 23 నాటి టేపు బయటికొచ్చింది. అంతవరకూ ఆయన పక్షాన నిలబడిన సొంత పార్టీ వాళ్ళే, పదవి నుంచి తీసేసే ఓటింగు వస్తే కాపాడేన్ని ఓట్లు ఇక లేవని వెళ్ళి చెప్పారు. ఆగస్టు 9న దిగిపోయాడు. నెల తిరిగేసరికి, ఆయన తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ క్షమాభిక్ష కూడా ఇచ్చేశాడు.

మా ప్రిన్సిపాల్ సారు కూడా వెళ్ళిపోవాల్సి వచ్చింది. బియ్యం గురించి ఆయన్ని ఎవరూ పెద్దగా అడగలేదు. అడిగిందల్లా రిజిస్టర్ గురించే. నిజం చెప్పానని నా ఉద్యోగం ఉంచారు. తాతని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు. ఫ్రాంక్ విల్స్ బతుకూ అలాగే గడిచింది, సరైన పని దొరక్క పేదరికంలోనే 2000లో చనిపోయాడు. ఆ రాత్రి టేపు చూసి పోలీసుల్ని పిలిచిన సంగతి రాసిన లాగ్‌ పుస్తకం మాత్రం అమెరికా జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉంది.

రెండు నెలల తర్వాత తాత ఇంటికి వెళ్ళాను. ఒక మామిడితోటకి కాపలా ఉంటున్నాడు, జీతం మా కాలేజీలో కంటే తక్కువ. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయనే అడిగాడు, "ఆ పేజీ దొరికిందంట కదా నాయనా. నా రాత అర్థమైందా వాళ్ళకి?" మూడో తరగతి దాకా చదివిన మనిషి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసేవాడు.

"బాగా అర్థమైంది తాతా" అన్నాను.